కోత తరువాత 4 గంటలకే పెరిగిన జన్యువులన్నీ పునరుత్పత్తి జన్యువులేనా? (నెమటోస్టెల్లా ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ ఫలితాలపై చర్చ)

ఉప్పునీటి విద్యార్థి

అందరికీ నమస్కారం. నెమటోస్టెల్లా వెక్టెన్సిస్ అనే చిన్న సముద్ర ఎనిమోన్ మీద పని మొదలుపెట్టి నాకు ఏడాది కావస్తోంది. ఉప్పు తక్కువగా ఉండే తీరపు నీటి బురదలో ఒళ్ళంతా దాచుకుని, స్పర్శకాలు మాత్రం బయటపెట్టి బ్రతికే ఈ జీవిని గ్రసని (నోటి వెంటనే లోపల ఉండే గొట్టం) కిందుగా అడ్డంగా కోస్తే, 22 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచిన నీటిలో ఆరేడు రోజులకు నోరు, గ్రసని, స్పర్శకాలు మళ్ళీ వచ్చేస్తాయని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఈ పని జరుగుతున్నప్పుడు ఏయే జన్యువులు మేల్కొంటాయో, ఏవి అణగుతాయో చూడాలని కోత తరువాత 4 గంటలకు, 48 గంటలకు నమూనాలు తీసి, కోయని జంతువులతో పోల్చుతూ ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ (ఏ జన్యువు నుంచి ఎంత ఆర్‌ఎన్‌ఏ వస్తోందో చదివి లెక్కపెట్టే పద్ధతి) చేయించాను. ప్రతి సమయానికీ మూడు వేర్వేరు గుంపులు ఉన్నాయి.

ఫలితం చూసి మొదట సంతోషించాను, తరువాత కంగారుపడ్డాను. 4 గంటల పట్టిక చాంతాడంత ఉంది. జున్, ఫాస్, ఈజీఆర్ వంటి అనులేఖన కారకాలు (ఇతర జన్యువులను నడిపేవి), కణాల చుట్టూ ఉండే మాతృకను కరిగించే మెటలోప్రొటియేజులు, ఉష్ణఘాత ప్రోటీన్లు పైకి లేచాయి. తగ్గినవాటిలో ఎరను కుట్టే దంశకణాలకు చెందిన జన్యువులు చాలా ఉన్నాయి. పెరిగినవాటిని ‘పునరుత్పత్తి జన్యువులు’, అంటే పోయిన భాగాన్ని తిరిగి తెచ్చే జన్యువులు, అని పిలవవచ్చా? కోత పడగానే జంతువు దంశకణాల తయారీని తగ్గించుకుని, ఆ శక్తిని కొత్త తలకు మళ్ళిస్తోందని రాయవచ్చా? రాసే ముందు నలుగురినీ అడగడం మంచిదని మా పర్యవేక్షకులు అన్నారు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

కణదర్శి

మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇప్పుడే వద్దు అని. రెండో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మీ పోలిక ఎలా చేశారో తెలియాలి, అది గణకుడు గారు ఎలాగూ అడుగుతారు కనుక వారికే వదిలేస్తాను.

కత్తి పడినప్పుడు జంతువుకు ఒకేసారి రెండు సంగతులు తెలుస్తాయి. ఒళ్ళు తెగిందన్నది మొదటిది, తెగినచోట ఒక భాగం లేకుండా పోయిందన్నది రెండవది. సూదితో పొడిచినా మొదటిది తెలుస్తుంది, కానీ సూదిపోటుకు కొత్త తల రాదు. కనుక 4 గంటల పట్టికలో మీకు కనిపిస్తున్నది గాయం కబురా, లోటు కబురా అన్నది కోసిన జంతువునూ కోయని జంతువునూ మాత్రమే పోల్చితే ఎన్నటికీ తేలదు. జున్, ఫాస్, ఈజీఆర్ మూడూ తక్షణ స్పందన జన్యువులుగా ఎప్పటినుంచో పేరుపడ్డవి. వీటిని మేల్కొల్పడానికి కణం కొత్త ప్రోటీన్ దేనినీ తయారుచేసుకోనక్కరలేదు, అప్పటికే సిద్ధంగా ఉన్న సంకేత మార్గాలు చాలు, అందుకే నిమిషాల్లోనే లేస్తాయి. కణాన్ని గట్టిగా కుదిపినా, వేడి చేసినా కూడా లేస్తాయి.

నెమటోస్టెల్లాలో గాయం మానడానికి ఈఆర్‌కే సంకేత మార్గం అవసరమని 2014లో వచ్చిన పని ఒకటి చూపించింది. దానిని రసాయనంతో అడ్డుకుంటే గాయమే సరిగ్గా మూసుకోదు, గాయం మూసుకోనిదే పునరుత్పత్తి మొదలు కాదు. ఇక్కడే చిక్కు ఉంది. గాయానికి కావలసిన జన్యువు పునరుత్పత్తికీ కావలసినదే అవుతుంది, కానీ పునరుత్పత్తికి ప్రత్యేకమైనది కాకపోవచ్చు. పునాది లేకుండా ఇల్లు లేవదు కదా అని పునాది రాళ్ళను ‘పైకప్పు రాళ్ళు’ అని పిలవలేము.

నా సలహా ఒక్కటే. అదే గుంపు నుంచి, అదే వయసు జంతువులను తీసుకుని, గ్రసని కిందుగా అదే ఎత్తులో సూదితో పొడిచి, ఏ ముక్కా తీసివేయకుండా వదిలి, 4 గంటలకూ 48 గంటలకూ నమూనాలు తీయండి. రెండు పట్టికలనూ పక్కపక్కన పెడితే 4 గంటల దగ్గర చాలా వరకు ఒకేలా ఉంటాయని, 48 గంటల నాటికి దారులు విడిపోతాయని నేను ఊహిస్తున్నాను. ఆ విడిపోయే చోటే మీ అసలు ప్రశ్న ఉంది.

అక్షరప్రేమి

జీవశాస్త్రం నా రంగం కాదు, అయినా ఒక మాట. మన పాఠ్యపుస్తకాలలో సంతానం కనడాన్ని ప్రత్యుత్పత్తి అని, పోయిన భాగం తిరిగి రావడాన్ని పునరుత్పత్తి అని విడిగా రాస్తారు, పత్రికలలో మాత్రం మొదటిదానికి కూడా రెండో మాటనే వాడేస్తున్నారు. ఈ ఎనిమోన్ తన ఒంటిని తానే అడ్డంగా రెండుగా తెంపుకుని సంతానాన్ని కూడా పెంచుకుంటుందని ఎక్కడో చదివాను. అలాంటి జీవి గురించి రాసేటప్పుడు ఏ మాట ఏ అర్థంలో వాడుతున్నారో మొదటి పేజీలోనే చెప్పడం మేలు.

గణకుడు

కణదర్శి గారు నన్ను ముందుగానే ఇరికించారు, సరే. విద్యార్థి గారూ, మూడు ప్రశ్నలు. కోయని జంతువు అన్నప్పుడు దాని నుంచి ఏ భాగం తీసి ఆర్‌ఎన్‌ఏ చేశారు? ఏ గంటకు కోశారు, ఏ గంటకు ఏ నమూనాను గడ్డకట్టించారు? జంతువుల మేత ఎప్పుడు ఆపారు?

ఉప్పునీటి విద్యార్థి

కోయని జంతువును మొత్తంగా తీసుకున్నాను. కోసినవాటిలో తల భాగాన్ని పారవేసి, కింది భాగం మొత్తాన్ని తీసుకున్నాను. ఉదయం 10 గంటలకు అన్నింటికీ మెగ్నీషియం క్లోరైడ్ కలిపిన నీటిలో పట్టు సడలేలా చేసి కోశాను. కోయని జంతువులను అప్పుడే, అంటే 10 గంటలకే, గడ్డకట్టించాను. 4 గంటల నమూనాలు మధ్యాహ్నం 2 గంటలకు, 48 గంటలవి మరో రెండు రోజుల తరువాత ఉదయం 10 గంటలకు తీశాను. మేత నాలుగు రోజుల ముందే ఆపాను. మేతగా వేసే ఆర్టీమియా (ఉప్పునీటి రొయ్య) పిల్లల నారింజ రంగు పొట్టలో కనిపించకుండా పోయాకే మొదలుపెట్టాను.

అన్నట్టు, కోసిన క్షణానికే తీసిన కింది భాగాలు కొన్ని మైనస్ 80 డిగ్రీల పెట్టెలో ఉన్నాయి. సీక్వెన్సింగ్‌కు డబ్బు చాలక వాటిని పంపలేదు.

గణకుడు

మీ దంశకణాల కథ ఇక్కడే తేలిపోయింది. ఈ జంతువులో దంశకణాలు అన్నిటికంటే దట్టంగా ఉండేది స్పర్శకాలలోనే. మీ కోయని నమూనాలో స్పర్శకాలు ఉన్నాయి, కోసిన నమూనాలో లేవు. ఒక పాత్రలో పప్పుతో పాటు పోపు కూడా ఉంది, మరో పాత్రలో పప్పు మాత్రమే ఉంది, రెండింటినీ రుచి చూసి ‘కోత పడ్డాక ఆవాలు తగ్గాయి’ అన్నట్టుంది ఇది. ఒక్క కణంలోనూ ఏ జన్యువూ తగ్గనక్కరలేదు, ఆ కణాలే పారవేసిన ముక్కతో వెళ్ళిపోయాయి. గ్రసని జన్యువులు, నోటి చుట్టూ ఉండే నాడీకణాల జన్యువులు కూడా మీ ‘తగ్గినవి’ పట్టికలో ఉండి తీరాలి, చూడండి.

ఇది తగ్గినవాటికే పరిమితం కాదు. సీక్వెన్సింగ్‌లో ఒక నమూనాకు వచ్చే మొత్తం చదువుల (చదివిన ఆర్‌ఎన్‌ఏ తునకల) సంఖ్యకు హద్దు ఉంటుంది, అందులో ప్రతి జన్యువుకూ దొరికేది ఒక వాటా. తల పోవడంతో తల జన్యువుల వాటా ఖాళీ అయితే, కింది భాగంలో మామూలుగానే ఉన్న జన్యువుల వాటా తనంతట తానే పెరిగినట్టు కనిపిస్తుంది. సర్దుబాటు పద్ధతులు దీనిలో కొంత సరిచేస్తాయి కానీ, మూలంలోనే కణాల కూర్పు వేరైనప్పుడు ఆ పద్ధతుల మీద భారమంతా వేయకూడదు. మీకు సరైన పోలిక ఆ పెట్టెలో గడ్డకట్టి ఉన్న సున్నా గంటల కింది భాగాలే.

రెండవది గడియారం. నెమటోస్టెల్లాలో క్రిప్టోక్రోమ్‌ల వంటి వెలుతురు జన్యువులు పగలు రాత్రిని బట్టి లేచి పడుతుంటాయి. మీ 4 గంటల నమూనా మధ్యాహ్నానిది, పోల్చినది ఉదయానిది. ఇందులో కోత ఎంత, ఎండ ఎంత అన్నది విడదీయడానికి మధ్యాహ్నం 2 గంటలకు తీసిన కోయని జంతువు కావాలి.

ఇదంతా పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. ఒకప్పుడు నేను పనిచేసిన చోట, కోసిన జంతువులను ఒక గదిలోనూ కోయనివాటిని మరో గదిలోనూ ఉంచాము, రెండో గదిలో దీపం ఒక గంట ఆలస్యంగా వెలిగేదని ఎవరికీ తెలియదు. మూడు నెలలపాటు ఒక జన్యువును నెత్తిన పెట్టుకుని తిరిగాను. ఒకరోజు ఉదయం తాళంచెవి కోసం తొందరగా వెళ్ళి, చీకటిగా ఉన్న ఆ గదిని చూసినప్పుడు నాకు విషయం బోధపడింది.

పాత సూక్ష్మదర్శిని

పట్టికలకు ముందు జంతువును చూడమని ఎవరూ చెప్పడం లేదు కనుక నేను చెబుతాను.

కోసిన వెంటనే జంతువు ముడుచుకుని ఆవగింజ ఆకారానికి వస్తుంది, తెగిన అంచు లోపలికి మడతపడుతుంది. ఇంచుమించు 6 గంటలకు పైపొర అతుక్కుని గాయం మూసుకుంటుంది. అప్పటికి కోతచోట కణవిభజన పెద్దగా ఉండదు. శరీర కుహరంలో నిలువుగా వేలాడే పొరల మడతలు, అంటే మీసెంటరీలు, కోత అంచు వైపు సాగి దానిని తాకుతాయి. కణవిభజన ఒకరోజు తరువాత ఊపందుకుని, రెండోరోజు నాటికి బాగా కనిపిస్తుంది. ఆపైన గ్రసని రూపుదిద్దుకుంటుంది, స్పర్శకాల మొగ్గలు లేస్తాయి. హైడ్రాక్సీయూరియాతో కణవిభజనను ఆపితే గాయం మూసుకుంటుంది, మీసెంటరీలు వచ్చి తాకుతాయి, అక్కడితో కథ నిలిచిపోతుంది. అంటే 4 గంటల నమూనాలో మీరు చూస్తున్న జంతువు ఇంకా గాయం కూడా మూసుకోని జంతువు. దాని నుంచి తల జన్యువులను ఆశించడం నాటిన రోజునే గింజలో పువ్వును వెతకడం.

ఇంకొక మాట. ‘సరళ సముద్ర జీవుల పునరుత్పత్తి’ అని అందరం ఒకే గాటన కట్టేస్తాము, కానీ వీటిలో ఒకదాని దారి మరొకదానికి లేదు. సన్యాసిపీతల శంఖాల మీద గుంపులుగా పెరిగే హైడ్రాక్టీనియాలో తలను తీసేస్తే, ఒంటి కింది భాగంలో ఉన్న ఐ-కణాలనే మూలకణాలు పైకి వలస వచ్చి కోతచోట కుప్పగా చేరి, రెండు మూడు రోజుల్లో తలను కడతాయి. అవి మూలకణాలకు గుర్తు వంటి పీవీ అనే జన్యువును వ్యక్తపరుస్తాయి కనుక ఆ వలసను రంగువేసి చూడవచ్చు. క్లైటియా అనే చిన్న జెల్లీఫిష్ గొడుగులో ముక్క తీసేస్తే, ముందు అంచులు దగ్గరకు లాక్కుని గుండ్రటి ఆకారం తెచ్చుకుంటుంది, ఆ తరువాతే నోటి తొడిమను సుమారు నాలుగు రోజుల్లో పెంచుకుంటుంది. ఆరీలియా జెల్లీఫిష్ పిల్లల సంగతి మరీ విచిత్రం. ఎనిమిది చేతులున్న పిల్లకు సగం చేతులు కోసేస్తే అది కొత్త చేతులు మొలిపించదు, ఉన్న చేతులనే వృత్తం చుట్టూ సమదూరంగా సర్దుకుంటుంది. ఈదేటప్పుడు కండరాలు కలిగించే లాగుడు వల్లే ఈ సర్దుబాటు జరుగుతుందనీ, దానికి కణవిభజన అక్కరలేదనీ 2015లో తేలింది.

ఇక స్పంజికలు. 1907లో విల్సన్ ఎర్ర స్పంజికను సన్నని నేత గుడ్డలో మూటకట్టి సముద్రపు నీటిలోకి పిండాడు. కిందికి దిగిన ఎర్రటి మడ్డిలో విడివిడి కణాలు, చిన్న గుత్తులు మాత్రమే ఉన్నాయి. అవి పాత్ర అడుగున పాకుతూ ఒకదానినొకటి కలుసుకుని ముద్దలయ్యాయి, ఆ ముద్దలు మళ్ళీ స్పంజికలయ్యాయి. అక్కడ గాయం ఏది, లోటు ఏది? కణదర్శి గారి విభజన నాకు నచ్చింది కానీ అది ప్రతి జీవికీ అతకదు.

ప్రకృతిశాస్త్రం టీచరు

పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇక్కడ పెడుతున్నాను. తల మళ్ళీ కట్టుకోవడమంటే గుడ్డులో ఉన్నప్పుడు ఒకసారి నడిపిన పిండ దశ కార్యక్రమాన్ని మొదటి నుంచి మళ్ళీ నడపడమేనా? అలా అయితే మనుషులలోనూ ఆ కార్యక్రమం ఉంది కదా, దానిని మళ్ళీ నడపడానికి ఏమిటి అడ్డు?

కణదర్శి

టీచరు గారి మొదటి ప్రశ్నకు నెమటోస్టెల్లా బాగా పనికివచ్చే జంతువు, ఎందుకంటే ఒకే జంతువులో పిండాభివృద్ధినీ పునరుత్పత్తినీ రెంటినీ ప్రయోగశాలలో చూడవచ్చు. దాని జీనోమ్ 2007లోనే వెలువడింది, అందులో సుమారు 18,000 ప్రోటీన్ జన్యువులు ఉంటాయని అప్పటి లెక్క. పిండ దశలకూ కోత తరువాతి 144 గంటలకూ చెందిన జన్యు వ్యక్తీకరణను పక్కపక్కన చూపే ఎన్‌వీఈఆర్‌టీఎక్స్ అనే బహిరంగ దత్తాంశ నిధి 2018లో వచ్చింది. విద్యార్థి గారూ, మీ జన్యువులను ఒక్కొక్కటిగా అందులో వెతికి చూశారా?

ఆ పోలికల నుంచి తేలినది టూకీగా ఇదీ. పునరుత్పత్తి పిండం నాటి జన్యువులను మళ్ళీ వాడుకుంటుంది కానీ అన్నింటినీ కాదు, వాడుకున్నవాటినైనా పాత వరుసలో పేర్చదు. ఏ జన్యువు దేనిని కదిలిస్తుందో ఆ తీగలు కొంత మారిపోతాయి. అదనంగా, పిండానికి అవసరం లేని కొన్ని పనులు పునరుత్పత్తికి తప్పనిసరి అవుతాయి. కొన్ని కణాలు ప్రణాళికాబద్ధంగా చనిపోవడం, అంటే అపోప్టోసిస్, అటువంటిదే. దానిని అడ్డుకుంటే ఈ ఎనిమోన్‌లో పునరుత్పత్తి సాగదు. పాత ఇల్లు కూలినచోట కట్టే మేస్త్రీకి మొదటిసారి కట్టినవాడికి లేని పని ఒకటి ఉంటుంది, శిథిలాలను తీయడం.

అక్షం విషయంలో మాత్రం పాత వాడకం స్పష్టంగా కనిపిస్తుంది. నోటి వైపు ఏది, అడుగు వైపు ఏది అని పిండంలో తేల్చే వింట్, బీటా కెటెనిన్ మార్గమే కోత తరువాత కూడా ‘ఇక్కడ నోరు రావాలి’ అని చెబుతుంది. ఆల్‌స్టర్‌పాలోన్ అనే రసాయనంతో ఆ మార్గాన్ని బలవంతంగా మేల్కొల్పితే అడుగు భాగం రావలసిన చోట కూడా నోటి కణజాలం వస్తుంది. నా దృష్టిలో పునరుత్పత్తి జన్యువు అన్న పేరుకు అర్హత ఇలాంటి ప్రయోగంతో వస్తుంది. ఒక జన్యువు పెరగడాన్ని చూపితే సరిపోదు, దానిని కదిపినప్పుడు ఫలితం కదలాలి.

రెండో ప్రశ్నకు హాఫ్‌స్టెనియా మయామియా అనే సముద్రపు పురుగును చూడండి. 2019లో మాన్సీ శ్రీవాస్తవ గారి బృందం దాని జీనోమ్‌లో కోత తరువాత ఏయే చోట్ల క్రొమాటిన్ (ప్రోటీన్లకు చుట్టుకుని ఉన్న డీఎన్‌ఏ) విచ్చుకుంటుందో పరిశీలించింది. గాయంతో లేచే ఈజీఆర్ అనే జన్యువు మిగిలిన ఎన్నో జన్యువుల తలుపులు తెరిచే అగ్రగామి కారకంగా పనిచేస్తుందని, దానిని అణచివేస్తే పునరుత్పత్తే జరగదని తేలింది. ఇప్పుడు అసలు విషయం. ఈజీఆర్ మనలోనూ ఉంది, మన కణాలకు దెబ్బ తగిలినా లేస్తుంది. తాళంచెవి ఒకటే, అది తిరిగే తాళాలు వేరు. కనుక విద్యార్థి గారి పట్టికలో ఈజీఆర్ ఉన్నంత మాత్రాన అది దేనికీ రుజువు కాదు, దాని వెనుక ఏ జన్యువులు కదిలాయో చూడాలి. మనుషుల చికిత్స వైపు చర్చను ఇంతకంటే లాగవద్దని మనవి, దానికి వేరే చర్చ తెరుచుకుందాము.

ఒంటికణం

ఇంత గొడవ ఎందుకు? మొత్తం ముక్కను నలిపి ఆర్‌ఎన్‌ఏ తీసే రోజులు పోయాయి. ఒక్కో కణాన్ని విడిగా చదివే పద్ధతి వాడితే దంశకణాలు పోయాయా, వాటిలో జన్యువు తగ్గిందా అన్న ప్రశ్న వెంటనే తేలుతుంది. కణాల కూర్పు మారడమూ, కణం లోపలి మార్పూ రెండు విడి అంకెలుగా దొరుకుతాయి.

పాత సూక్ష్మదర్శిని

కణాలను విడదీయడానికి మీరు ఏం చేస్తారు? ఎంజైములో నానబెట్టి, సన్నని గొట్టంలో పైకీ కిందికీ పీలుస్తారు. ఆ పది ఇరవై నిమిషాల్లో కణానికి ఏమనిపిస్తుంది?

ఒంటికణం

ఒప్పుకుంటున్నాను, ఆ దెబ్బ నాకూ తగిలింది. విడదీయడం కూడా కణానికి గాయమే, జున్, ఫాస్, ఈజీఆర్ ఆ పీల్చడంలోనే లేస్తాయి. ఎలుకల కండర మూలకణాలలో ఈ సంగతి 2017లో బయటపడింది. మొదటిసారి చేసినప్పుడు కోయని ఎనిమోన్ కణాలలో కూడా ఒక గుంపు ‘గాయపడిన’ కణాలు కనిపించి, ఇదేదో కొత్త కణరకం అనుకుని నేను దానికి పేరు కూడా పెట్టేశాను. తరువాత ఎసిటిక్ ఆమ్లం, మెథనాల్, గ్లిసరాల్ కలిపిన ద్రావణంలో విడదీస్తే ఆ గుంపు మాయమైంది. ఆ ద్రావణంలో కణం విడిపోతున్నప్పుడే స్థిరపడిపోతుంది, అంటే స్పందించడానికి ప్రాణం మిగలదు. ఏసీఎంఈ పేరుతో 2021లో వచ్చిన ఈ పద్ధతికి మూలం హైడ్రా కణాలను విడదీయడానికి 1970లలో వాడిన పాత మిశ్రమంలోనే ఉంది. కాబట్టి పెద్దలు గెలిచినట్టే, కానీ నా వాదనలోని మొదటి సగం అలాగే నిలిచి ఉందని గమనించగలరు.

గణకుడు

నిలిచి ఉంది. కాకపోతే ఒంటికణ పద్ధతిలో ఒకే జంతువు నుంచి పదివేల కణాలు తీసి, పదివేల నమూనాలున్నట్టు లెక్కవేసేవారు ఇంకా ఉన్నారు. అక్కడ నమూనా జంతువు, కణం కాదు.

ఉప్పునీటి విద్యార్థి

అందరికీ ధన్యవాదాలు. ఈ చర్చలో ఇన్నాళ్ళు మౌనంగా ఉండటానికి కారణం సీక్వెన్సింగ్ కోసం ఎదురుచూడటమే. పెట్టెలోని సున్నా గంటల కింది భాగాలను పంపించాను. వాటితో పాటు మధ్యాహ్నం 2 గంటలకు తీసిన కోయని జంతువుల కింది భాగాలనూ, సూదితో పొడిచి 4 గంటలకు, 48 గంటలకు తీసినవాటినీ పంపించాను. పొడిచినవాటికీ మెగ్నీషియం క్లోరైడ్ పెట్టాను, లేకపోతే దాని ప్రభావం కోతవాటికే అంటుకునేది. పొడిచిన జంతువులను 48 గంటలకు తీసేటప్పుడు కూడా తల భాగాన్ని వేరుచేసి కింది భాగమే వాడాను.

గణకుడు గారు చెప్పినట్టే జరిగింది. సున్నా గంటలతో పోల్చగానే దంశకణాల జన్యువులు ‘తగ్గినవి’ పట్టికలోంచి దాదాపు అన్నీ జారిపోయాయి. శక్తిని మళ్ళించడం గురించి నేను రాసుకున్న రెండు పేజీలు చించేశాను. క్రిప్టోక్రోమ్ జన్యువు ఒకటి మధ్యాహ్నం తీసిన కోయని జంతువులలోనూ అంతే ఎత్తున ఉంది. దానిని ‘కోతకు స్పందించే వెలుతురు గ్రాహకం’ అని మా సమావేశంలో గొప్పగా చూపించాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తోంది.

4 గంటలకు పొడిచినవీ కోసినవీ చాలా దగ్గరగా ఉన్నాయి. జున్, ఫాస్, ఈజీఆర్, మెటలోప్రొటియేజులు రెండింటిలోనూ లేచాయి, కోసినవాటిలో ఎత్తు ఎక్కువ, అంతే. గాయం వైశాల్యం ఎక్కువ కావడమే ఇందుకు కారణం కావచ్చు. 48 గంటలకు పొడిచినవి సున్నా గంటల స్థితికి చాలావరకు తిరిగివచ్చాయి. కోసినవాటిలో మాత్రం కణవిభజన జన్యువులు, వింట్ కుటుంబపు జన్యువులు కొన్ని లేచి ఉన్నాయి. ఇప్పుడు నా చేతిలో మిగిలిన పట్టిక మొదటిదానిలో చిన్న ముక్క.

కణదర్శి

చిన్నదైనందుకు బాధపడకండి. ఒక్క అనుమానం మాత్రం ఉంచుకోండి. 48 గంటల దగ్గర కోసిన జంతువులో తల లేదు కనుక మేత తినడం, తల నుంచి వచ్చే నాడీ సంకేతాలు, ఒంటి పరిమాణం అన్నీ మారి ఉంటాయి. మేత విషయంలో ఇబ్బంది లేదు, అన్నింటికీ ఆపారు. మిగిలినవాటికి చోటుచూపే ప్రయోగమే జవాబు. ఆ వింట్ జన్యువులలో ఒకదాని ఆర్‌ఎన్‌ఏకు జోడీ కట్టే గుర్తుపట్టీ తయారుచేసి, ఇన్ సిటు హైబ్రిడైజేషన్‌లో జంతువు మీద ఎక్కడ రంగు వస్తుందో చూడండి. ఒళ్ళంతా పలచగా వస్తే ఒక కథ, కోత అంచున ఉంగరంలా వస్తే మరో కథ.

ఉప్పునీటి విద్యార్థి

చేశాను. మొదటి రెండుసార్లు రంగు ఒళ్ళంతా పట్టేసింది, కడుగుడు ఉష్ణోగ్రత తక్కువైంది. మూడోసారి కుదిరింది. 48 గంటల జంతువును పై నుంచి చూస్తే, మూసుకున్న కోత చుట్టూ ఊదారంగు ఉంగరం, కొన్నిచోట్ల తెగి, కొన్నిచోట్ల మందంగా ఉంది. ఉంగరం నుంచి లోపలికి మీసెంటరీల మొనలలో కూడా కొద్దిగా రంగు ఉంది. పొడిచిన జంతువులో పోటు పడిన చోట ఏమీ లేదు, నోటి దగ్గర ఉండవలసిన మామూలు రంగు మాత్రం ఉంది. తారుమారు గుర్తుపట్టీ (సరిచూసుకోవడానికి వేసే, ఆ ఆర్‌ఎన్‌ఏకు జోడీ కట్టనిది) వేసిన జంతువులు తెల్లగా ఉన్నాయి. పన్నెండు కోసిన జంతువులలో పదింటికి ఉంగరం కనిపించింది, మిగిలిన రెండు కడిగేటప్పుడు చితికిపోయాయి.

పాత సూక్ష్మదర్శిని

ఉంగరం తెగిన చోట్లు మీసెంటరీల మధ్య పడుతున్నాయా, మీసెంటరీల మీదనా? నెమటోస్టెల్లాలో మీసెంటరీలు ఎనిమిది. జంతువును నిలబెట్టి, అడ్డంగా సన్నని కోతలు కోసి లెక్కపెట్టండి. మందంగా ఉన్నచోట్లు ఎనిమిది అయితే, రంగు ఏ పొరలో మొదలవుతోందో మీకు ఆ కోతల్లోనే కనిపిస్తుంది.

గణకుడు

లెక్కపెట్టేవారికి ఏది కోసిన జంతువో, ఏది పొడిచినదో చెప్పకండి. సీసాల మీద పేర్లు మూసేసి ఇవ్వండి.

ఉప్పునీటి విద్యార్థి

సరే. 24 గంటల జంతువులను కూడా కలిపి చేస్తాను, ఉంగరం అప్పటికే ఉందో లేదో తెలుస్తుంది. జంతువులకు ఈ రోజు నుంచే మేత ఆపేశాను.